నేలబారు కారు

చర్చిలో ఆదివారం పూజ అయ్యాక అమ్మచ్చిని కొండ మీదికి తీసుకెళ్లాలి. జింటో పెట్టుకున్న పని అంతే.

అమ్మచ్చి అంటే అతని నాన్నమ్మ ఏలియామ్మ. కొండ మీద ఉన్నది ఆమె అన్న ఉతుప్పు. మంచం పట్టాడు. ఈ వానలు దాటడని డాక్టరు అన్నాడు. అన్నాచెల్లెళ్లకు ఏళ్లుగా మాటల్లేవు. తల్లి శవపేటిక చుట్టూ నిలబడి ఫోటో దిగిననాడు ఉతుప్పు తలవైపు తను నిలబడి, చెల్లెల్ని కాళ్లవైపుకు నెట్టాడు. ఫోటోలో ఆమె మోచేయి ఒక్కటే పడింది. ఆ మోచేతి మీద ఇంతకాలం పంతం నడిచింది. ముందు ఎవరి గడప ఎవరు తొక్కాలన్నదే తగువు. చివరికి ఏలియామ్మే తగ్గింది.

"వాడు పోయాక వెళ్తే మాట్లాడేది ఎవడితో?" అంది.

ఆ వారం తగ్గింది ఆమె ఒక్కతే కాదు. జింటో పాత ఎస్టీమ్ కారు కూడా తగ్గింది. ముందురోజే దాన్ని మెకానిక్కు సుకుమారన్ ఆశాన్ షెడ్డులో పెట్టాడు.

"మూడు దార్లున్నాయి," అన్నాడు ఆశాన్, పళ్ల మధ్య బీడీ తీయకుండానే. "ఉన్న స్ప్రింగులు కోసెయ్యొచ్చు. చవక. కాకపోతే కుందేల్లా గెంతుద్ది. పొట్టి స్ప్రింగులు వెయ్యొచ్చు. బాగానే నడుస్తుంది, కానీ ఒకటే ఎత్తు. లేదంటే ఇదుగో, మరలున్న కాయిలోవర్. ఈ రింగు తిప్పితే ఎత్తు మన చేతిలో ఉంటుంది."

"అదే వెయ్యి ఆశానే."

"కార్లో ఎక్కేదెవరు?"

"రోజూ నేనొక్కణ్ణే."

"ఎంత దించను?"

"ఎంత దిగితే అంత."

"నాలుగు వేళ్లు దూరేంత ఉంచుకో మోనే. దారంతా హంపులు."

"హంపులు చూసుకుంటూ బతుకుతామా?"

ఆశాన్ రింగును అడుగుదాకా తిప్పేశాడు.

మరునాడు కారులో ఎక్కింది జింటో ఒక్కడే కాదు. వెనక బాబాయి అవరాన్, పిన్ని లిస్సి. అవరాన్ ఒక్కడే ఇద్దరి పెట్టు. డిక్కీలో ఒక పనసపండు, ఒక అరటి గెల, ఉతుప్పుకు ఇష్టమని లిస్సి తెల్లారకముందే లేచి వండిన బాతు కూర. ముందు సీట్లో ఏలియామ్మ. కూర్చోగానే ఆమె మోకాళ్లు గడ్డందాకా వచ్చాయి.

"ఇదేంట్రా, పీట మీద కూలేశావు?"

"స్టైలు అమ్మచ్చీ."

"శవాన్నయినా ఇంతకన్నా ఎత్తులో పడుకోబెడతారు."

వాన ముసురుపట్టి ఉంది. రబ్బరు చెట్లు పాలలో వాన పడకుండా నడుముకు ప్లాస్టిక్ పావడాలు కట్టుకుని దిగాలుగా నిలబడ్డాయి. ప్రతి గుంతకూ కారు అడుగు గీసుకుంది. గీసుకున్నప్పుడల్లా జింటో ముఖం తన వీపే గీరుకుపోయినట్టు ముడుచుకుంది.

ఉతుప్పు గేటు ముందే ఒక హంపు ఉంది. జీపులు తన కోళ్లను తొక్కుతున్నాయని పంచాయతీ మీద పడి అతనే వేయించుకున్నాడు. కారు ముందు చక్రాలు దాన్ని దాటాయి. తరువాత కడుపు దాని మీద ఆనింది. చక్రాలు తడి రోడ్డు మీద ఊరికే తిరిగాయి.

అందరూ దిగారు. ఏలియామ్మ దిగలేకపోయింది. జింటో ఒక చెయ్యి, అవరాన్ ఒక చెయ్యి పట్టి లాగారు.

"వదలండిరా, నేను రాను, చెయ్యే ఊడొస్తుంది."

"లోపలికెళ్లి ఎవర్నయినా పిలుస్తా," అన్నాడు అవరాన్.

"నాకంటే ముందు ఎవరైనా ఆ గేటు తీశారో, నా మీద ఒట్టు," అని ఏలియామ్మ కళ్లు మూసుకుని జపమాల తీసింది.

డిక్కీ తెరిస్తే బాతు కూర పనసపండు మీదికి ఒలికిపోయి ఉంది. లిస్సి గొడుగు కింద నిలబడి ఏడ్చింది. అవరాన్ జింటో మీద కోపంతో నోరు మూసుకున్నాడు. వెనక ఒక జీపు ఆగింది, దాని వెనక ఆటో. దిగినవాళ్లు దిగి నల్ల గొడుగులు విప్పారు.

అప్పుడే చర్చి గంట కొట్టే కురియన్ స్కూటరు మీద అటు వచ్చాడు. చావు బతుకుల్లో ఉన్న మనిషి గేటు, ఆదివారపు తెల్లబట్టలు, నల్ల గొడుగులు, ఏడుస్తున్న ఆడమనిషి, మాటాడని మగవాళ్లు. అన్నీ చూశాడు. చావింటి ముందు నిలబడి నోరు తెరిచి అడగడం ఆ కొండల్లో మర్యాద కాదు. హెల్మెట్ తీసి, సిలువ గుర్తు వేసుకుని, స్కూటరు వెనక్కి తిప్పాడు.

కాసేపటికి చావు గంట మోగింది.

"ఎవరో పోయారు పాపం," అన్నాడు అవరాన్. అందరూ సిలువ గుర్తు వేసుకున్నారు.

తరువాత చర్చి కుర్రాళ్లు బైకుల మీద వచ్చి దారి పొడవునా రబ్బరు చెట్లకు చావింటికి దారి చూపే నల్లజెండాలు కట్టుకుంటూ పోయారు. ఆఖరి జెండా ఉతుప్పు గేటుకు కట్టారు. వాళ్లూ ఏమీ అడగలేదు. వాళ్లకూ మర్యాద తెలుసు.

ఏలియామ్మ కళ్లు తెరిచి జెండా చూసింది.

"పోయాడు," అంది. "గేటు కళ్లముందే ఉంది, వాడు పోయాడు. ఒరే జింటో, నీ స్టైలు తగలెయ్య!"

జింటో బురదలో బోర్లా పడుకుని కారు కిందికి చెయ్యి పెట్టబోయాడు. దూరలేదు. నాలుగు వేళ్లు కాదు, ఒక్క వేలు కూడా దూరలేదు. అక్కడే పడుకుని ఏడ్చాడు. ఏలియామ్మ ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి తల వెనక్కి వాల్చింది. ఈలోపు గంట విన్న జనం వచ్చి కారు చుట్టూ చేరారు, వాళ్లతో కురియన్ కూడా.

లోపల ఉతుప్పు కోడలు రెసి గంటా, గేటు దగ్గర అలికిడీ విని వసారాలోకి వచ్చింది. గేటుకు నల్లజెండా. కారు చుట్టూ జనం. కారులో ఏలియామ్మ, తల వాలిపోయి, నోరు తెరుచుకుని. రెసి లోపలికి పరుగెత్తింది.

"అప్పచ్చా! మీ చెల్లెలు మన గేటుదాకా వచ్చి కారులోనే పోయింది. జెండాలు కూడా కట్టేశారు."

వారాల తరబడి కూర్చోబెడితే తప్ప కూర్చోని మనిషి లేచాడు. తల మీద తువ్వాలు వేసుకుని, గోడ పట్టుకుని, తరువాత పోకచెట్లు పట్టుకుని గేటు దాటాడు. అతని శవాన్ని చూడ్డానికి వచ్చినవాళ్లు తప్పుకుని అతనికే దారి ఇచ్చారు. పూలచక్రం తెచ్చినవాడు దాన్ని వీపు వెనక్కి తిప్పుకున్నాడు. కారు మరీ కిందికి ఉండటంతో ఉతుప్పు కిటికీ పక్కన బురదలోనే కూలబడ్డాడు.

"ఏలీ," అన్నాడు. "ముందు నేనే రావాల్సింది. ఆ ఫోటోలో తప్పు నాదే."

ఏలియామ్మ కళ్లు తెరిచి కెవ్వున అరిచింది.

"నువ్వు చచ్చావు కదా!"

"నేనా? చచ్చింది నువ్వు కదే!"

"మరి గంట కొట్టారు?"

"నీకే అనుకున్నా!"

"ఇంతకీ పోయిందెవరు?" అన్నాడు అవరాన్.

జనమంతా కురియన్ వైపు చూశారు. కురియన్ వాన వైపు చూశాడు.

సీట్లోంచి ఆమె లేవలేదు, బురదలోంచి అతను లేవలేడు. ఇద్దరూ ఒకే ఎత్తులో ఉండి చాలాసేపు మాట్లాడుకున్నారు. ముందొచ్చింది నువ్వంటే నువ్వని మళ్లీ తగువు పడ్డారు. శవపేటిక మొయ్యడానికి వచ్చినవాళ్లు ఈలోపు కారుకు భుజం పట్టారు. ఏలియామ్మతో సహా ఎత్తి హంపు దాటించి, అదే ఊపున వాకిట్లో దించారు.

ఉతుప్పు ఆ వానలు దాటాడు. మరుసటి ఏడు నిజంగానే పోయాడు. గంట మోగినప్పుడు, ఎవరి కారు ఇరుక్కుందో చూసి రమ్మని ఊరు ఒక మనిషిని పంపింది.