వెలగపండు మీద గోరింక

చాలా చిన్న కథ. ఒక పెద్ద అడవిలో ఒక ఎలుగుబంటి ఏటికి వెళ్ళొచ్చింది. అంతే. మధ్యలో రత్తాలు అనే గోరింక ఉంది కాబట్టి కాస్త సాగుతుంది.

రత్తాలుకి అందరి సంగతులూ కావాలి. నక్క మూడో పెళ్ళి గురించీ, ఏనుగు సర్పంచి గురక గురించీ నలుగురికీ చెప్పందే దానికి తిన్నది అరగదు. ఇంతలా మాట్లాడుతుంది కదా అని సర్పంచి దాన్నే కౌన్సెలర్‌గా వేశాడు. ఏదైనా నిదానంగా అర్థమయ్యే జంతువులను ఒకచోట కూర్చోబెట్టి, వాళ్ళ మనసులో మాట చెప్పించడం దాని పని.

ఆ గుంపులో బంగారి అనే ఎలుగుబంటి ఉంది. బంగారికి ఒకటే కోరిక. ఏటికి ఒంటరిగా వెళ్ళి, మునిగి రావాలి. కౌన్సెలర్ సరేనంటేనే సర్పంచి వెళ్ళనిస్తాడు.

రత్తాలు ఒక నియమం పెట్టింది. "వెలగపండు ఎవరి దగ్గరుంటే వాళ్ళే మాట్లాడాలి. తక్కినవాళ్ళు నోరు మెదపకూడదు."

పండు దాని కాళ్ళకు పట్టలేదు. అందుకని పైకెక్కి కూర్చుని నియమం వివరించింది. మామిళ్ళు పూతకొచ్చినప్పుడు మొదలుపెట్టింది. కాయలు రాలిపోయినా వివరిస్తూనే ఉంది.

సర్పంచి తనిఖీకొచ్చాడు.

"ఏమ్మా రత్తాలూ, వీళ్ళు నోరు విప్పారా?"

"ఎక్కడండీ! నా గొంతు పోతోంది గానీ ఒక్కరూ పలకరు."

సర్పంచి బంగారి వైపు తిరిగాడు. "నీకేం కావాలే పిల్లా?"

బంగారి వెలగపండు చూపించింది.

"చూశారా? ఎంతసేపూ తిండి మీదే ధ్యాస," అంది రత్తాలు.

"అంత బాగుంటుందా?" అంటూ సర్పంచి రత్తాలు కిందనుంచి పండును తొండంతో అందుకుని నోట్లో వేసుకున్నాడు.

బంగారి ఆలోచించింది, నిదానంగానే. పండు లేదు. ఇక తను అడగడానికి లేదు. వద్దనడానికి ఇంకెవరికీ లేదు. లేచి వెళ్ళిపోయింది.

వాళ్ళిద్దరూ అది చూడనేలేదు, బంగారిని ఏటికి పంపాలా వద్దా అని చర్చలో పడ్డారు.

"ఒంటరిగా పంపితే దారి తప్పితేనో?"

"జారిపడితేనో? నేను చెబుతూ వెనకాలే ఎగురుతానులెండి."

మరో ఏడాది కౌన్సెలింగ్ కావాలని తేల్చారు. అంతలో రత్తాలు నెత్తిన చుక్కలు పడ్డాయి.

"వానండీ!" అని తలెత్తింది. వాన కాదు, బంగారి. ఒళ్ళంతా నీళ్ళు కారుతుండగా వచ్చి తన చోట కూర్చుంటోంది.

"ఎక్కడికెళ్ళావే?"

బంగారి పలకలేదు. పండు లేదుగా.

రత్తాలు ఈకలు దులుపుకుంది. "నాలాంటి కౌన్సెలర్ దొరకదండీ. నేను మాట్లాడుతుండగానే బాగుపడి వెళ్ళొచ్చేసింది."

ఈ సంగతి అడవంతా చెప్పుకు తిరిగిందీ రత్తాలే. బంగారి రోజూ ఏటికి వెళ్తోంది. అనుమతి ఇంకా పరిశీలనలో ఉంది.

నీతి: ఎదుటివాళ్ళ చేత మాట్లాడించాలంటే మనం మాట్లాడటం ఎంతమాత్రం ఆపకూడదు.