కాజాలెక్కువైన చొక్కా

ఎదురింటి నర్సమ్మ చెప్పిందని భార్య చెప్పింది: ఆవిడ మరిది ఇంటర్వ్యూకి చొక్కా చేతులకి గుండీలు మానేసి తళతళలాడే కఫ్‌లింకులు పెట్టుకెళ్లాడట. పై అధికారికి కళ్లు చెదిరి అక్కడికక్కడే ప్రమోషనిచ్చేశాడట.

గోడౌను గుమాస్తా ఆ మాట విననట్టే పేపరు తిరగేశాడు. లోపల మాత్రం గుండె గంతులేసింది. మర్నాడు పొద్దున అతనికీ ఇంటర్వ్యూ, గోడౌను హెడ్డు పోస్టుకి. అది పోయిందంటే, తాను పని నేర్పిన కుర్రాడికే లేచి నిలబడి దణ్ణం పెట్టాలి.

బజారుకెళ్లి కఫ్‌లింకుల జత, వాటికి తగిన చొక్కా కొన్నాడు. సంగతి భార్యకి చెప్పలేదు. చెబితే నర్సమ్మకి చేరుతుంది, అక్కణ్ణించి ఊరికి చేరుతుంది, పోటీకొచ్చిన వాళ్లందరి చేతులూ తళతళలాడతాయి. అందుకని లింకులు మేజోళ్లలో దాచి, చొక్కా మాత్రం భార్యకి ఇస్త్రీకిచ్చాడు.

పొద్దున చూస్తే లింకు దూర్చడానికి సందు లేదు.

"ఏమేవ్! దీని కాజాలేవే?"

"మూసేశాను. దర్జీ ఏ మత్తులో కుట్టాడో! చెయ్యి బెత్తెడు పొడుగు, చేతికి నాలుగేసి కాజాలు, గుండీ ఒక్కటీ లేదు. ఎక్కువున్నది లోపలికి మడిచి కుట్టి, గుండీలు పెట్టాను."

"అయ్యో, అది పైకి మడవాలే! నాలుగు కాజాల్నీ కలిపి ఇది దూర్చాలి!" అని లింకులు బయటపెట్టాడు.

"మొగుడి మనసులో మాట పెళ్లానికే తెలీకపోతే సూదికేం తెలుస్తుందండీ?"

కూతురింట్లోనే ఉంటున్న అత్తగారు లింకుల్ని చూసి కళ్లజోడు సర్దుకుంది. "చెవులకి బాగుంటాయే అమ్మాయ్!"

"చేతులకండీ అత్తయ్యగారూ!"

"చేతులకా? మరీ ఇంత చిన్నవా నాయనా?"

గుమాస్తా కత్తెర తీసుకుని దారం లాగాడు. దారంతో పాటు గుడ్డా వచ్చింది. కుడిచేతి కాజా కిటికీ అయింది, ఎడమచేతిది గుమ్మమయింది. ఏది పైకి మడవాలో, ఏది లోపలికో అతనికే తెలియకుండా పోయింది. బస్సు వేళయింది. భార్య గబగబా రెండు చేతులూ మోచేతుల పైదాకా మడిచి, వీధిలోకి తోసింది. లింకులు జేబులో గలగలలాడాయి.

ఇంటర్వ్యూలో మేనేజరు అతని మోచేతుల వంక చాలాసేపు చూశాడు.

"ఇందాకటి నుంచీ వచ్చినవాళ్లు చొక్కా నలుగుతుందని కుర్చీకి ఆనుకోనైనా లేదయ్యా. బస్తా ఎత్తడానికి తయారై వచ్చింది నువ్వొక్కడివే. హెడ్డువి నువ్వే, ఫో!"

పొగిడాడో తిట్టాడో తేల్చుకోలేక గుమాస్తా రెండుసార్లు దణ్ణం పెట్టాడు.

సాయంత్రం మాత్రం ఛాతీ విరుచుకుని ఇంట్లోకొచ్చాడు.

"పోస్టొచ్చిందే! దారిలో దర్జీ చేత కాజాలు బాగుచేయించి లింకులు పెట్టుకున్నాను. మేనేజరు వాటి మీంచి చూపు తిప్పుకోలేకపోయాడనుకో! నా తెలివంటే ఏమనుకున్నావ్?"

భార్య దగ్గరికొచ్చింది. అతని చేతుల వంకే చూస్తూ నిలబడింది.

అత్తగారే అంది: "మోచేతుల మీదున్న ఆ మడతలు పొద్దున మా అమ్మాయి పెట్టినవే గదయ్యా!"