ఏ పావ్లా?

ఆ గురువారం ఓజ్బెయ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే తేనెపెట్టెలు ఓసారి చూసుకోవాలి. బార్లీ పులుసు పొయ్యి మీద పడేయాలి. పళ్ల డాక్టరు దగ్గరికి పట్నం వెళ్లిన మేనత్త పావ్లా పన్నెండు గంటల బస్సు దిగి భోజనానికి వస్తుంది. ఆవిడకు కడుపు నిండా పెట్టి, కాస్త మెత్తబడిందనిపించాక తేనెటీగల ఇంటి సంగతి తేల్చుకోవాలి. అందుకే పులుసులో పొగబెట్టిన పంది మాంసం మామూలు కంటే రెండు ముక్కలు ఎక్కువ వేశాడు.

తేనెటీగల ఇల్లు అతని తాత కట్టింది. ముప్పై రెండు పెట్టెలు, ఒక్కోదాని నుదుటి పలక మీద ఒక్కో రంగుల బొమ్మ. పెట్టెలు ఓజ్బెయ్‌వి, అవి నిలబడ్డ పళ్లతోట మాత్రం వాటాల్లో పావ్లాకు వచ్చింది. పోయిన శరదృతువులో బేరిపళ్లు కోస్తుంటే ఆవిడ కనురెప్ప మీద ఓ ఈగ కుట్టింది. ఆ రోజు నుంచి ఆవిడది ఒకటే పాట, వీటిని నా తోటలోంచి తీసెయ్ అని. మే నెలలో ఆఖరి మాట చెబుతానంది, ఇప్పుడు మే నెలే. తీసి పక్కన పెట్టుకోవడానికి అవేమైనా కుర్చీలా? వంద గజాలు జరిపినా సరే, మేతకు వెళ్లిన ఈగలు పాత చోటికే తిరిగొస్తాయి. అక్కడ లేని ఇంటి చుట్టూ తిరిగి తిరిగి చచ్చిపోతాయి.

చచ్చిపోతాయని అనకూడదు, తప్పు. స్లొవేనియాలో ఆవు చస్తుంది, కుక్క చస్తుంది, పంది చస్తుంది. కన్నుమూసేవి రెండే, మనిషీ తేనెటీగా. ఈగ చచ్చిందని ఎవడైనా నోరు జారితే వాడి పెంపకాన్ని అనుమానిస్తారు.

ఓజ్బెయ్‌కి ఇంకో రహస్యం ఉంది. ఏడో పెట్టెలోని రాణి ఈగకు అతను పావ్లా అని పేరు పెట్టుకున్నాడు. ఆ సంగతి తెలిసినవాడు పక్క లోయలో రాణుల్ని పెంచి అమ్మే యెర్నెయ్ ఒక్కడే.

ఆ పొద్దున ఏడో పెట్టె గుమ్మం పలక మీద పొడుగు పొట్ట రాణి ఒకటి వెల్లకిలా పడి ఉంది. అది పావ్లాయే అనుకున్నాడు ఓజ్బెయ్. పెట్టెకు చెవి ఆనించాడు. రాణి పోయిన పెట్టె గంటల్లోనే గొంతు మారుస్తుంది, ఏడ్చినట్టు సన్నగా మూలుగుతుంది. అచ్చం అలాగే వినిపించింది అతనికి. రాణిని భద్రంగా అగ్గిపెట్టెలో పెట్టి, టోపీ తీసి ఒక్క నిమిషం నిలబడి, ఫోను చేయడానికి బయల్దేరాడు.

ఆ ఊళ్లో సెల్లు అందేది రొజాలియా కొట్టు మెట్ల మీద మాత్రమే. అక్కడ ఎవరు మాట్లాడినా రొజాలియాతో మాట్లాడినట్టే.

"యెర్నెయ్, నేనే. పావ్లా కన్నుమూసిందయ్యా," అన్నాడు ఓజ్బెయ్ గట్టిగా. "పొద్దున్నే. గుమ్మంలో పడి ఉంది. ఏముందీ, ముసలిదైపోయింది. నిజానికి పోయినేడే తీసేయాల్సింది, నాకే చేతులు రాలేదు. సరేలే, శనివారానికల్లా ఇంకోదాన్ని పంపు. వయసులో ఉన్నదాన్ని చూడు. ఈసారి కాస్త నెమ్మదస్తురాలై ఉండాలి, ఏం?"

కొట్టులో పంచదార తూస్తున్న రొజాలియా చేతిలో గరిట అలాగే ఆగిపోయింది. యాభై నాలుగేళ్ల బ్రహ్మచారి. మేనత్త పొద్దున పోతే, శనివారానికి పెళ్లికూతుర్ని మాట్లాడుకుంటున్నాడు. ఆవిడ కొట్టుకు తాళం వేసి తిన్నగా చర్చి గంట కొట్టే గాష్పర్ దగ్గరికి నడిచింది. తీసేయాల్సింది అన్న ముక్క చెప్పాలా వద్దా అని దారంతా ఆలోచించి, చివరికి అదే ముందు చెప్పింది.

పులుసు కలుపుతున్న ఓజ్బెయ్‌కి చావు గంట వినిపించింది. రెండుసార్లు ఆగి మోగింది, అంటే ఆడమనిషి. ఎవరో పాపం అనుకునేలోపే గాష్పర్ నల్లకోటు వేసుకుని వచ్చేశాడు.

"ఎవరికి గంట, గాష్పర్?"

"పావ్లాకే. నువ్వు ఫోన్లో చెబుతుంటే రొజాలియా విందిలే."

ఓజ్బెయ్ గరిట పక్కన పెట్టాడు. గాష్పర్‌కీ పది పెట్టెలున్నాయి, నిజమే. అయినా ఒక ఈగ కోసం గంట కొట్టించే మనసున్న ఊరని ఇన్నాళ్లూ తనకు తెలియనే తెలియదు. కళ్లు తడిశాయి.

"చివర్లో కష్టపడిందా?" అన్నాడు గాష్పర్.

"నేను చూళ్లేదు. కూతుళ్లే బయటికి ఈడ్చి పడేసినట్టున్నారు."

"కూతుళ్లా?"

"మరింకెవరున్నారు?"

పావ్లా పెళ్లే చేసుకోలేదు. గాష్పర్ మాట మార్చాడు. "ఇప్పుడెక్కడ ఉంచావు?"

"పెట్టెలో పెట్టేశాను."

"అప్పుడేనా?"

"ఎండలో వదిలేస్తే చీమలు పట్టవూ?"

గాష్పర్ సిలువ గుర్తు వేసుకున్నాడు. ఓజ్బెయ్ అతని చెయ్యి పట్టుకున్నాడు. "ఒక్క మాట. ఈ సంగతి మా అత్తకు మాత్రం తెలియనివ్వకండి. తెలిస్తే నన్ను బతకనివ్వదు."

గాష్పర్ మెల్లగా అతని భుజం పట్టి కుర్చీలో కూర్చోబెట్టాడు. "తెలియనివ్వం నాయనా. నువ్వు కాస్త మంచినీళ్లు తాగు," అన్నాడు. బయటికి వెళ్లి, ఓజ్బెయ్‌కి మతి చలించిందని, గంట విని వాకిట్లో చేరిన వాళ్లకు చెప్పాడు.

పదకొండున్నరకల్లా ఇల్లు నిండిపోయింది. ఊళ్లో ప్రతి చావుకూ వచ్చే అగ్నిమాపక దళం వాళ్లు జెండాకు నల్లగుడ్డ కట్టి తెచ్చారు. ఆడవాళ్లు అక్రోటు పొడి చుట్టిన పొతిత్సా రొట్టెలు తెచ్చారు, మొత్తం ఆరు. పిచ్చివాడి మాటకు ఎదురు చెప్పకూడదని గాష్పర్ హెచ్చరించాడు కాబట్టి అందరూ ఓజ్బెయ్ ఏమన్నా తలలూపుతున్నారు. రొజాలియా ఒక్కతే ఉండబట్టలేక పక్కన చేరింది.

"శనివారం వచ్చే ఆవిడ ఎలాంటిది?"

"మంచి జాతి. తల్లి కూడా చాలా నెమ్మదట."

"బస్సులో వస్తుందా?"

"పోస్టులో వస్తుంది. చిన్న బోనులో. తిండి పెట్టడానికి తోడు ఎనిమిది మంది ఉంటారు."

రొజాలియా లేచి వెళ్లి తలుపు దగ్గర కూర్చుంది.

పన్నెండు దాటి పది నిమిషాలకు గేటు చప్పుడైంది. ఒక చెంప వాచి, నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, పావ్లా లోపలికి వచ్చింది. నల్లబట్టల్ని చూసింది, జెండాను చూసింది, రొట్టెల్ని లెక్కపెట్టింది.

"ఎవరు పోయారు?"

గాష్పర్ అబద్ధం ఎరగని మనిషి. "నువ్వే, పావ్లా," అన్నాడు.

ఓజ్బెయ్‌కి అప్పుడు అంతా ఒక్కసారే అర్థమైంది. గంట, జెండా, మంచినీళ్లు, అన్నీ. ఇంకేం చేస్తాడు, జేబులోంచి అగ్గిపెట్టె తీసి బల్ల మీద పెట్టి, ఉన్నదంతా కక్కేశాడు.

"ఈగకు నా పేరు పెట్టావా?" అంది పావ్లా.

"పెట్టాను, అత్తా."

"ఎందుకురా?"

తాత కట్టిన ఇల్లు అతని కళ్ల ముందే విరిగి కట్టెలపేర్పు అవుతోంది. ఇక దాచి లాభం లేదనుకున్నాడు. "ముప్పై రెండు పెట్టెల్లో దానంత గట్టిది లేదు. మూడు చలికాలాలు నెట్టుకొచ్చింది. రాణి మనుషుల్ని కుట్టదత్తా, ఇంకో రాణి ఎదురైతేనే కుడుతుంది. అయినా దాని పెట్టె తెరవాలంటే నాకు ఒళ్లు వణుకుతుంది. మిమ్మల్ని చూసినా అంతే."

పావ్లా అగ్గిపెట్టె తెరిచి, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుగులో పట్టి చూసింది. "రాణుల వీపు మీద మీరు రంగు చుక్క పెడతారు కదా. దీనికేదీ?"

"ఉందిగా, ఎర్రది. నేనే పెట్టాను."

"కళ్లజోడు పెట్టుకుని చెప్పు."

ఓజ్బెయ్ కళ్లజోడు వెతికి పెట్టుకున్నాడు. ఎర్ర చుక్క లేదు, ఏ చుక్కా లేదు. మాట్లాడకుండా తోటలోకి పరుగెత్తాడు. ఊరంతా జెండాతో సహా వెనకే వెళ్లింది. ఏడో పెట్టె వెనక తలుపు తీసి, మూడో తేనెపట్టు బయటికి లాగాడు. ఎర్ర చుక్క రాణి గదిగదికీ తల పెట్టి చూసుకుంటూ, తీరిగ్గా గుడ్లు పెడుతోంది. పెట్టె రోజూలాగే హాయిగా రొద చేస్తోంది. పొద్దున విన్న ఏడుపు ఎవరిదో మరి.

"ముసలిదైందని ఈగలే కొత్త రాణిని పెంచినట్టున్నాయి," అన్నాడు గాష్పర్. "ఇద్దరూ ఎదురుపడి ఉంటారు."

"పడితే?" అంది పావ్లా.

"కొత్తది నీ చేతిలో అగ్గిపెట్టెలో ఉంది."

పావ్లా ఆ పట్టు మీదికి వంగి చూసింది. వాచిన చెంప మీంచి కూడా నవ్వు కనిపించింది. ఆవిడ నవ్వడం ఓజ్బెయ్ చిన్నప్పటి నుంచి రెండోసారి చూడటం.

"ఈ ఇల్లు కదిపావంటే ఊరుకోను," అంది. "దాన్ని అక్కడే ఉండనీ. శనివారం వచ్చేదాన్ని వేరే పెట్టెలో పెట్టుకో, పాపం, వయసులో ఉన్న పిల్ల."

ఓజ్బెయ్ పట్టును మళ్లీ పెట్టెలోకి తోసి తలుపు మూశాడు. పావ్లా ఇంట్లోకి వెళ్లి పులుసు రెండుసార్లు వడ్డించుకుని తింది, నమలడానికి కష్టమైనా మాంసం ముక్క వదల్లేదు. తర్వాత ఆరు పొతిత్సాలూ బుట్టలో సర్దుకుంది. రొజాలియా తన పళ్లెం సంగతి ఎత్తబోతే, "నా చావుకేగా తెచ్చావు," అంది.

ఆ తర్వాత పదకొండేళ్లకు ఆవిడ నిజంగానే కన్నుమూసింది. గంట రెండుసార్లు ఆగి మోగగానే, ఊరు ఊరంతా రొట్టెలు ఇంట్లోనే ఉంచి, ఏ పావ్లా అని కనుక్కు రమ్మని ముందు రొజాలియాను పంపింది.