పరుపు కింద పాటలు

ఈస్టర్‌కు ముందొచ్చే మట్టల ఆదివారం ఇంకా రేపనగా, మందుల షాపు కొడుక్కి అప్పగించి ఇటలీలోని గుబ్బియోలో ఖాళీగా కూర్చున్న ఒత్తావియో పొద్దున్నే ఒక పథకం వేసుకున్నాడు. భార్య క్లేలియా గుడ్ల కోసం సంతకు వెళ్లగానే గోడ మీది పటం మార్చాలి. ఫాదర్ ఇల్లు దీవించడానికి వచ్చేసరికి గడ్డం గీయించుకుని పెద్దమనిషిలా నిలబడాలి.

పటంలో ఉండేది, వెనకటి మఠాల్లో సన్యాసులు చూసి పాడుకున్న పెద్ద పాటల పుస్తకంలోంచి ఊడివచ్చిన దూడతోలు పుట. బంగారు పూత, నీలం అక్షరం, దాని తోకకు వేలాడే పిట్ట. ఇలాంటివి ఒక్కటి మించి కొననని క్లేలియా ముందు ఒట్టు వేశాడు. ఒట్టు తప్పలేదు, గోడ మీద ఎప్పుడూ ఒక్కటే ఉంది. కొత్తది వచ్చినప్పుడల్లా పాతది పరుపు కిందికి దిగేది. ఆమె అడిగితే "అదే కదా, వెలుతురు మారింది" అనేవాడు. ఆమె నమ్మిందని అతను నమ్మాడు.

ఆ రోజూ అంతే. కొత్త పుట గోడెక్కింది, పాతది పరుపు కింద చేరింది, మనిషి మంగలి దుకాణానికి నడిచాడు.

ఫాదర్ సిల్వెస్త్రో పవిత్ర జలం బకెట్టుతో వస్తూనే గోడ ముందు ఆగిపోయాడు.

"ఏమయ్యా ఒత్తావియో, తపస్సుకాలంలో అల్లెలూయా ఏంటి? ఈస్టర్ దాకా గుడిలో నేనే ఆ మాట ఎత్తను. మీ గోడ పాడేస్తోందే."

ఒత్తావియో పటానికి అడ్డం వచ్చి నిలబడ్డాడు. ఇన్నేళ్లూ బంగారం చూశాడే గాని అక్షరాల జోలికి పోలేదు.

"అదే పుట ఫాదర్. రెండోవైపు తిప్పి పెట్టాను."

"అయితే మొదటివైపు చూపించు. నిరుడు చూసిన లిల్లీ పువ్వు బాగుంది."

"బయటికి రాదండీ. అతికించేశారు."

"అతికించినదాన్ని ఎలా తిప్పారు?" అంది క్లేలియా, దీవెనకు పెట్టిన గుడ్ల పళ్లెం సర్దుతూ.

ఒత్తావియో వంకర లేని పటాన్ని సరిచేయసాగాడు. ఫాదర్ జాలిపడి, "సరే, పడకగది దీవిద్దాం పద" అన్నాడు.

"పడకగది వద్దండీ."

"మంచం దీవించొద్దన్న మొగుణ్ణి ఇప్పుడే చూస్తున్నాను. లోపల ఎవరున్నారు?"

ఇక దారి లేక ఒత్తావియో గుండె పట్టుకుని, తూలుతూ వెళ్లి పరుపు మీద అడ్డంగా పడ్డాడు. జబ్బు మనిషి మీద ఎవరూ నీళ్లు చల్లరని అతని ఆశ. కాని గుండె అనగానే ఫాదర్ జేబులోంచి, చావుబతుకుల్లో ఉన్నవాళ్లకు పూసే తైలం సీసా బయటికొచ్చింది. మెట్ల దగ్గర చెవి ఒగ్గి ఉన్న కింద వాటా అస్సుంతా ఆ కబురు వీధికి చేరవేసింది. కాసేపట్లో కిటికీ కింద జపమాల మొదలైంది.

"పాపాలు ఒప్పుకో నాయనా."

"చెప్పుకునేంతవి లేవండీ."

"అయితే ముందు నీళ్లు చల్లుతాను" అంటూ ఫాదర్ కుంచె బకెట్టులో నిండా ముంచాడు.

తోలు తడిస్తే ముడుచుకుపోతుంది, బంగారం రేగిపోతుంది. ఒత్తావియో తను పోతున్న సంగతి మరిచి చెంగున లేచాడు. "పరుపు మీద వద్దు" అని అరుస్తూ దాన్ని ఎత్తి అవతల పడేశాడు.

కింద మంచం చెక్కలు తప్ప ఏమీ లేవు.

"వెతక్కండి" అంది క్లేలియా. "ఫాదర్ గారి చెయ్యి ధారాళమని దుప్పట్ల బీరువాలో దాచాను. దీవెనకు ముందు ఇల్లంతా దులిపి పరుపు తిరగేయని ఆడది ఈ ఊళ్లో ఉందా? ఏటా తిరగేస్తున్నాను, మళ్లీ మీరు పెట్టినట్టే పెడుతున్నాను."

ఒత్తావియో సిగ్గుతో చితికిపోయాడు. ఆమె బీరువా తెరిచింది. ఇస్త్రీ దుప్పట్ల మధ్య పుటలు పొడిగా, భద్రంగా ఉన్నాయి. అతనివి ఐదు. అక్కడున్నవి ఎనిమిది.

"ఆ మూడూ నావి" అంది ఆమె చూపు తిప్పుకుని. "పెరూజియాలో మీరు కొనే కొట్టే."

"ఒకటి మించి కొనొద్దని ఒట్టు వేయించింది నువ్వే కదా."

"మీ చేత వేయించాను. నేను వేయలేదుగా."

అతనికి కోపం రాలేదు, అసూయ పుట్టింది. ఆ మూడూ తన ఐదింటికన్నా బాగున్నాయి. మొగుడూ పెళ్లాలు పుటలు పరుచుకుని నేల మీద చతికిలబడ్డారు. తననెవరూ పట్టించుకోకపోవడంతో ఫాదర్ ఒక గుడ్డు తీసుకుని మెట్లు దిగాడు.

"మనిషి దక్కుతాడా ఫాదర్?" అంది అస్సుంతా, జపమాల ఆపి.

"దక్కుతాడు. కాని అది అంటుజబ్బమ్మా, ఆవిడకు ఎప్పుడో సోకింది."