ఆఖర్న వచ్చినవారికే ముందు

మనిషి చేసే ప్రతి పనీ అతడి మనసులోని ధరను చాటుతుందని లైసెన్సుల కార్యాలయం ఒక సోమవారం ఉదయం కనుగొంది. (శుక్రవారం దాకా మనుషులు ఏం చాటుకుంటూ బతికారో దస్త్రాల్లో లేదు.)

ఈ సంగతి తెలియని దర్జీ ఆవిడ, తొమ్మిదింటికే ఆడపడుచును వెంటబెట్టుకుని మూడో కౌంటరు ముందు నిలబడింది. దుకాణం లైసెన్సు గడువు ఆ సాయంత్రం అయిదింటితో సరి. దాటితే తెల్లారేసరికి తలుపుకు సీలు పడుతుంది. లోపల రెండు కుట్టుమిషన్లు, కత్తిరించి పెట్టిన పదకొండు స్కూలు యూనిఫారాలు ఉన్నాయి. పాపం, ప్రాణాలు అరచేతిలో పెట్టుకునే నిలబడింది.

పదకొండింటికి ఆమె వంతు వచ్చింది. గుమస్తా ఆమెను ఎగాదిగా చూసి, అప్పుడే లోపలికొచ్చిన పెద్దమనిషిని పిలిచాడు.

“నేను రెండు గంటల్నుంచీ ఇక్కడే ఉన్నాను కదండీ!”

“అదేనమ్మా మీరు చేసిన తప్పు,” అన్నాడు గుమస్తా జాలిగా. “రెండు గంటలు నిలబడగలిగారంటే మీ టైముకి విలువ లేదని మీరే ఒప్పుకున్నట్టు. టైము విలువైనవాళ్లని ముందు పంపాలి. ఎవరు ఆఖర్న వస్తే వాళ్లే ముందు. కొత్త రూలు.”

రూలు రాసింది పై అంతస్తులోని ఆర్థిక సలహాదారుగారు. (ఇంట్లో కూడా అంతేనట. భోజనాల బల్ల దగ్గర అందరికన్నా ముందు కూర్చుంటారు కనుక, వాళ్లావిడ ఆయనకు ఆఖర్న వడ్డిస్తుందట.)

దర్జీ ఆవిడ తక్కువ తిన్నదా! వెంటనే వరుస వదిలి బయటికి నడిచింది, కాసేపాగి కొత్తగా వచ్చినట్టు రావడానికి. వరుసలోని మిగతా నలభైమందికీ అదే ఆలోచన వచ్చింది. మధ్యాహ్నానికి కౌంటరు ముందు ఈగ కూడా లేదు. జనమంతా ప్రహరీ వెనక, మెట్ల కింద, సైకిళ్ల చాటున నక్కారు. రిటైరైన డ్రిల్లు మాస్టారొకాయన, పరుగున వచ్చినట్టు ఒగర్చడం ఎలాగో అందరికీ ఉచితంగా నేర్పారు. దర్జీ ఆవిడ టేపు మెడలో వేసుకుని, పళ్ల మధ్య రెండు గుండుసూదులు పెట్టుకుంది, పని మధ్యలో లేచొచ్చినట్టు.

“ఇప్పుడు వెళ్దామా వదినా?”

“ఆగవే! ఆ గళ్ల చొక్కా ఆయన్ని పోనీ.”

గళ్ల చొక్కా ఆయన వీళ్లను పోనిద్దామని స్తంభం వెనక నిలబడి ఉన్నాడు.

అయిదుకు రెండు నిముషాలుందనగా అందరూ ఒక్కసారి దూసుకొచ్చి గుమ్మంలో ఇరుక్కున్నారు.

“నేనే ఆఖరు!”

“నాకన్నా ఆలస్యంగా ఎవరొచ్చారో చూపించండి!”

“అయ్యా, మేమింకా రానేలేదు, మా కాళ్లు బయటే ఉన్నాయి!” అని దర్జీ ఆవిడ సూదులు ఉమ్మేసి మరీ అరిచింది. ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి ఆమెకు.

గుమస్తా న్యాయమైన మనిషి. ఆఖరివారెవరో తేలేదాకా ఎవరి కాగితమూ ముట్టనన్నాడు. అది తేలకముందే అయిదు కొట్టింది.

సలహాదారుగారు రిజిస్టరు తెప్పించుకుని చూశారు. మధ్యాహ్నం నుంచి అయిదు దాకా వరుసలో ఒక్కరూ లేరు. జనానికి లైసెన్సులు అక్కర్లేదని, అక్కరుంటే వచ్చి నిలబడేవారేనని తేల్చి, మూడో కౌంటరును శాశ్వతంగా మూయించారు. ఆయనకు ప్రశంసాపత్రం వచ్చింది.

మూసిన కౌంటరు చూడ్డానికి బాగాలేదు, దానికొక తెర కావాలన్నారు. ఊళ్లో మంచి కుట్టు ఎవరిదని వాకబు చేస్తే అందరూ ఒకటే పేరు చెప్పారట. వారం తిరక్కుండా దర్జీ ఆవిడ దుకాణం తలుపు మీద, సీలు పక్కనే, ఒక ఉత్తర్వు అంటించి వెళ్లారు:

“తెర కుట్టే పని మీకే ఇవ్వడమైనది. చెల్లుబాటులో ఉన్న లైసెన్సు నకలు జతచేసి, అంగీకారపత్రాన్ని మూడో కౌంటరులో సమర్పించగలరు.”