రోజూ వచ్చే సందర్శకుడు

గ్యాలరీ తలుపులు తెరిచేది పదింటికి. క్యూరేటర్ ఆ రోజు ఎనిమిదింటికే వెళ్లాడు. పథకం చిన్నదే. సందర్శకుల పుస్తకంలో పది అభిప్రాయాలు, పది మంది రాసినట్టు రాసిపెట్టాలి. మధ్యాహ్నం కమిటీ వస్తుంది. గ్యాలరీకి జనం వస్తున్నారన్న రుజువు దొరక్కపోతే హాలును పాత ఫైళ్లకూ, క్యూరేటర్‌ను ఇంటికీ అప్పగిస్తుంది.

ఆ ఏడాది నాలుగు సమకాలీన కళా ప్రదర్శనలు జరిగాయి. మొదటిది ఖాళీ ఫ్రేములు. రెండోది పగిలిన అద్దాలు. మూడోది, ఒక మనిషి గోడను చూస్తూ కూర్చున్న ఆరు గంటల వీడియో. ఇప్పుడు నడుస్తున్నది, తాళ్లకు తలకిందులుగా వేలాడే కుర్చీలు. వాన పడ్డప్పుడు జనం బాగానే వచ్చారు. వాన తగ్గగానే కళాతృష్ణ కూడా తగ్గింది.

తొమ్మిది అభిప్రాయాలయ్యేసరికి చెయ్యి పీకింది. పదోది మాత్రం ఊపులో పేజీ నిండా రాశాడు: "నేను రోజూ వచ్చే సందర్శకుడిని. నాలుగు ప్రదర్శనలూ చూశాను. వీడియో రెండుసార్లు చూశాను."

మధ్యాహ్నం పుస్తకం తిరగేస్తున్న కమిటీ అధ్యక్షురాలు సరిగ్గా అక్కడే కళ్లద్దాలు సర్దుకుంది.

"రెండుసార్లా? నేను ఆరు నిమిషాలు చూస్తేనే మెడ పట్టేసింది. ఎవరీయన?"

"పెద్దాయనండీ. ఎవరితోనూ కలవరు."

"శుక్రవారం మీటింగుకి పిలవండి. ఆయన మాట విన్నాకే హాలు సంగతి తేల్చుదాం."

"ఊళ్లో లేరనుకుంటానండీ."

"రోజూ వస్తానని రాశారుగా?"

క్యూరేటర్‌కు తెలిసిన, పగలు ఖాళీగా ఉండే పెద్దాయన ఒక్కరే. మామగారు. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టర్‌గా ముప్ఫై ఏళ్లు వ్యాపారుల నిద్ర చెడగొట్టి, రిటైరయ్యాక కూతురింట్లో అల్లుడి నిద్ర మీద దృష్టి పెట్టారు.

"మా నాన్నకి అబద్ధాలు రావండీ," అంది భార్య. "ఇంటికి మీరొక్కరు చాలు."

"ఉద్యోగం పోతే రోజంతా ఇంట్లోనే ఉంటాను, మామయ్యగారూ," అన్నాడు క్యూరేటర్.

మామగారు పేపరు మడిచారు. "ఏం చెప్పాలి?"

"అద్భుతం అనండి చాలు. ఇంకేం మాట్లాడొద్దు."

శుక్రవారం ఆయన గంట ముందే వెళ్లి ప్రదర్శన చూశారు. చూడటమంటే ఆయనకు తెలిసిన పద్ధతిలో. మీటింగులో అధ్యక్షురాలు వినయంగా అడిగింది.

"ఆ కుర్చీల్లో మీకేం కనిపించింది?"

"తక్కువ."

"లేమి," అని ఒక సభ్యుడు గౌరవంగా నోట్ చేసుకున్నాడు.

"లేమి కాదు బాబూ, లెక్క. బోర్డు మీద పదమూడు అని రాశారు. పైన పన్నెండే ఉన్నాయి. పదమూడోది మా అల్లుడి కింద ఉంది."

అందరూ క్యూరేటర్ కిందికి చూశారు. కుర్చీ కాలికి కళాకారుడు అంటించిన పదమూడో నంబరు చీటీ ఇంకా ఉంది.

"నా కుర్చీ విరిగిందండీ," అన్నాడు క్యూరేటర్.

"అల్లుడా?" అంది అధ్యక్షురాలు.

"అవునమ్మా. ఆ పుస్తకంలో రాతలు కూడా ఆయనవే. నేను ఈ గుమ్మం తొక్కడం ఇవాళే మొదలు."

అధ్యక్షురాలు పుస్తకం మూసింది. "ఇక మాట్లాడటానికేముంది? హాలు మూసేద్దాం."

"మంచిది. మూసేటప్పుడు జాబితా ప్రకారం ఒక్కో వస్తువూ సరిచూడాలి," అన్నారు మామగారు. "నాకు ఖాళీయే. రేపే మొదలుపెడతాను."

భద్రత కోసమని తన డ్రాయింగ్ రూములో వేలాడదీసుకున్న గ్యాలరీ పెయింటింగు అధ్యక్షురాలికి గుర్తొచ్చింది. మిగతా సభ్యులకు కూడా ఎవరి గోడలు వాళ్లకు గుర్తొచ్చినట్టున్నాయి. అందరూ టీ కప్పుల్లోకి చూస్తున్నారు.

"తొందరెందుకు?" అందామె. "కళ అన్నాక ఒడిదుడుకులుంటాయి. హాలు ఉంటుంది. ఇంత నిక్కచ్చి మనిషి మనకు అవసరం కూడా. వచ్చే ఏడాది ప్రదర్శనలకు పర్యవేక్షకులు మీరే. కొత్తగా వచ్చేవి లెక్కపెట్టండి. పాతవి మేం చూసుకుంటాం."

"మరి నేనండీ?" అన్నాడు క్యూరేటర్.

"మీరు ఆయన చెప్పినట్టు వింటారు."

ఆ విధంగా, ఇంట్లో ఒకరి చేత, ఆఫీసులో మరొకరి చేత చివాట్లు తినే శ్రమ క్యూరేటర్‌కు తప్పింది.