పద్దెనిమిది మెట్లు, ఒక ఫ్యాక్స్

కళ్ళద్దాల కొట్టు కింద ఉంది. ఆ మేడ సొంతదారులైన కంపెనీవారి ఆఫీసు పైన ఉంది. మధ్యలో పద్దెనిమిది మెట్లున్నాయి. ఆ మెట్ల మీదుగా మనుషులు, టీ గ్లాసులు, ఒక పిల్లి ఎన్నిసార్లయినా రావచ్చు, పోవచ్చు. సమాచారం మాత్రం పోకూడదని ఇరుపక్షాలూ ఇష్టపూర్వకంగా, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో ఒప్పుకుని సంతకాలు చేశాయి.

ఆ సంతకాల్లో ఒకటి కళ్ళద్దాల మాస్టారిది. ఊళ్ళో సగం మందికి సన్న అక్షరాలు చదివే భాగ్యం ఆయన చేతి చలవే. తొమ్మిదేళ్ళ కిందట అద్దె ఒప్పందం తెచ్చి ముందు పెట్టినప్పుడు ఆయన జేబులోంచి పెన్ను తీశారు గానీ కళ్ళజోడు తీయలేదు. పెద్దలు వేలు పెట్టి చూపించిన చోట పెద్దమనిషిలా సంతకం పెట్టారు.

ఆ ఒప్పందం సామాన్యమైనది కాదు. ఏ కాలంలోనో రెండు ఓడల కంపెనీలు రాసుకున్నదాన్ని తీసుకుని, ఎవరో గుమస్తా 'ఓడ' అన్నచోటల్లా 'కొట్టు' అని దిద్ది టైపు చేశాడు. దిద్దడం మరిచిన చోట్లు అక్కడక్కడా మిగిలాయి. అందుచేత కళ్ళద్దాల కొట్టు తుపాను వేళ రేవు దాటరాదు. యజమాని అనుమతి లేనిదే లంగరు ఎత్తరాదు. మాస్టారు ఈ తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా లంగరు ఎత్తలేదు. అంతటి నిబద్ధత ఈ రోజుల్లో అరుదు.

ఇక ఇరవై మూడో నిబంధన. "ఏ నోటీసైననూ ఫ్యాక్స్ ద్వారా మాత్రమే ఇవ్వవలెను. అట్లు ఇవ్వనిది ఇవ్వనట్లే, తెలిసినది తెలియనట్లే భావించబడును." గడువు ఆఖరి రోజు సాయంత్రం అయిదింటిలోగా ఖాళీ చేస్తానని నోటీసు అందకపోతే, ఒప్పందం మరో తొమ్మిదేళ్ళు దానంతటదే సాగుతుంది.

ఈ నిబంధన గౌరవార్థం పైన ఫ్యాక్స్ మిషన్‌కి ఒక గది కేటాయించారు. మిషన్ వేడెక్కకుండా గదికి ఏసీ పెట్టారు. ఏసీ ఎవరూ ఆపేయకుండా ఒక ఫ్యాక్స్ అధికారిని నియమించారు. తొమ్మిదేళ్ళుగా ఆ మిషన్‌కి ఒక్క ఫ్యాక్సూ రాలేదు. కాబట్టి ఆ శాఖలో ఒక్క పొరపాటూ జరగలేదు. అందుకు మెచ్చి ఆ అధికారికి రెండు ప్రమోషన్లిచ్చారు.

ఏసీ నీళ్ళు మాత్రం ఒప్పందాన్ని లెక్కచేయకుండా నేరుగా కిందికి దిగేవి. మాస్టారి కొట్టులో కళ్ళ పరీక్షకు కూర్చునే కుర్చీ ఉంది కదా, సరిగ్గా అందులో కూర్చున్నవాళ్ళ నడినెత్తిన, బొట్టు తర్వాత బొట్టు. కుర్చీ జరుపుదామంటే చార్టుకీ దానికీ మధ్య దూరం చెడుతుంది. జనం గొడుగు పట్టుకుని అక్షరాలు చదివేవారు.

"మాస్టారూ, నాకు ఇంటి దగ్గర బాగానే ఉంటుందండీ. మీ దగ్గరికొస్తేనే కళ్ళల్లో నీళ్ళొస్తున్నాయి" అని ఒక పెద్దాయన కుర్చీ దిగి వెళ్ళిపోయి మళ్ళీ రాలేదు. ఆయన వెనకే ఒక్కొక్కరూ మానేశారు.

"ఏమండీ, మనింటి ముందు గది ఖాళీగా ఉంది. ఆ చార్టేదో అక్కడి గోడకి తగిలించుకోండి. నెత్తి తడవకుండా ఉంటే జనం వాళ్ళే వస్తారు. ఇంకో తొమ్మిదేళ్ళు ఇక్కడే ఉంటే కళ్ళద్దాలు మానేసి గొడుగులమ్ముకోవాలి మీరు" అంది భార్య.

మాస్టారు దేవుడికి దణ్ణం పెట్టుకుని, నోటీసు రాసుకుని, గడువుకి నాలుగు రోజుల ముందు మేడెక్కారు.

మేనేజరు లేచి నిలబడి మరీ కూర్చోబెట్టాడు. "ఖాళీ చేస్తున్నారా! అయ్యో, ఎంత బాధగా ఉందో చెప్పలేను. కానీ ఆ సంగతి నాకు తెలియదు కదా."

"ఇప్పుడే చెప్పాను కదండీ."

"చెప్పారు. విన్నాను. వినడం వేరు, తెలియడం వేరు మాస్టారూ."

"పోనీ, ఈ కాగితం చూడండి."

మేనేజరు గబుక్కున కళ్ళజోడు తీసేశాడు. అది మాస్టారు చేసిచ్చిన జోడే. "చూడను. చూస్తే చదువుతాను, చదివితే ఇరవై మూడు ఏమైపోవాలి?" అని, కళ్ళు మూసుకునే ప్రసంగించాడు. "ఫ్యాక్స్ అంటే ఏమనుకున్నారు? నోటిమాటకి సాక్షి లేడు. ఉత్తరం వానకి తడుస్తుంది. మనిషి ఎదురుగా వచ్చి నిలబడితే జాలి పుడుతుంది. ఫ్యాక్సుకి జాలి లేదు. అందుకే పెద్దలు దాన్ని నమ్మారు."

ఫ్యాక్స్ గదిలో ఉన్న ఆ మిషన్‌తోనే పంపవచ్చునా అని మాస్టారు అడిగారు. నిరభ్యంతరంగా పంపుకోమన్నారు. ఆఫీసు ఫ్యాక్స్ నుంచి ఆఫీసు ఫ్యాక్స్‌కే నంబరు నొక్కితే లైను ఖాళీ లేదని వచ్చింది. ఫ్యాక్స్ అధికారి గర్వంగా, "ఎప్పుడు చేసినా ఇంతేనండి, మహా బిజీ ఆఫీసు" అన్నాడు.

మూడు రోజులు మాస్టారు ఊరంతా తిరిగారు. జిరాక్సు కొట్టువాడు ఫ్యాక్స్ అన్న మాట విని, తన కొడుకుని పిలిచి, "ఒరే, మళ్ళీ అడగమంటాను, విను" అన్నాడు. ఆఖరి రోజున బావమరిది గుర్తొచ్చాడు. రిటైరైనప్పుడు ఆయన ఆఫీసువాళ్ళు శాలువా కప్పి, వాళ్ళకి పనికిరాని ఫ్యాక్స్ మిషన్ బహూకరించారు. ఇంట్లో దాని మీద జేబురుమాలు పరిచి, రుమాలు మీద పూలకుండీ పెట్టుకున్నారు. కుండీ దింపి, దుమ్ము దులిపి, తీగ తగిలిస్తే అది కుయ్యిమంది. టైము నాలుగూ నలభై అయిదు.

"కాగితం బోర్లా పెట్టాలి" అంది మాస్టారి భార్య.

"నీకేం తెలుసే అక్కా! ముప్పై ఏళ్ళు ఆఫీసులో పని చేసినవాణ్ణి. వెల్లకిలా పెట్టు బావా."

"నువ్వు ముప్పై ఏళ్ళూ ఆ మిషన్ పక్కన టిఫిను తిన్నావు. అంతేగా?"

మాస్టారు ఆలోచించారు. దేవుడి ముందు పెట్టే కాగితాన్నయినా అక్షరాలు పైకుండేట్టే పెడతాం. వెల్లకిలా పెట్టారు. మిషన్ కాగితాన్ని మింగి, నెమ్మదిగా అవతలికి కక్కి, ఒక చీటీ ఇచ్చింది. పేజీలు: ఒకటి. ఫలితం: సరే. సమయం: నాలుగూ యాభై. మాస్టారు చీటీని కళ్ళకద్దుకున్నారు. అక్కడినుంచి తిన్నగా వచ్చి, కొట్టులో సామాన్లు సర్దడం మొదలుపెట్టారు.

అయిదున్నరకి మేనేజరు స్వయంగా పద్దెనిమిది మెట్లూ దిగి వచ్చాడు. చేతిలో ఫ్యాక్స్ కాగితం.

"మాస్టారూ, శుభం! మీరు వెళ్ళిపోతున్న సంగతి తెలిసింది. కానీ ఈ జోడు పవరు పోయినట్టుంది. ఒక్క ముక్క ఆనడం లేదు."

మాస్టారు కాగితం అందుకున్నారు. పైన చీమ తలంత అక్షరాల్లో నంబరు, సమయం. వాటి కింద కాగితం ఉతికి ఆరేసినట్టు తెల్లగా ఉంది. భార్య చెప్పిన బోర్లా అన్న మాట ఆయన చెవిలో గంట కొట్టింది. గోడ గడియారం చూశారు. ఇంకోసారి పంపే వేళ దాటిపోయింది. నిజం చెబితే తొమ్మిదేళ్ళు.

"మిగతావారు... చదివారా?"

"ఫ్యాక్స్ అధికారి చదివాడు. ముత్యాల్లాంటి అక్షరాలన్నాడు. తొమ్మిదేళ్ళకి వచ్చిన ఫ్యాక్సు కదా, పాపం, కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. లాయరుగారు చదివి, భాషలో ఎక్కడా దోషం లేదన్నారు. 'చదివితిని, అర్థమైనది' అని ఇద్దరూ సంతకాలు చేసేశారు. మిగిలింది నేనే. మీరే కాస్త చదివి వినిపించండి."

మేనేజరు కుర్చీలో కూర్చుని అలవాటుగా గొడుగు విప్పుకున్నాడు. మాస్టారు కళ్ళు మూసుకుని తన దేవుణ్ణి ఒక్క మాట అడిగారు. లేనిది ఉన్నట్టు చెబితే అబద్ధం, ఉన్న మాటనే లేని కాగితంలోంచి చదివితే ఏమవుతుంది స్వామీ? జవాబుగా గొడుగు మీద ఒక బొట్టు పడింది. ఆయన తెల్ల కాగితాన్ని కళ్ళకెదురుగా పట్టుకుని, రాసిన నోటీసు మొత్తం తడుముకోకుండా చదివారు. ముగిశాక కళ్ళజోడు అడిగి పుచ్చుకుని, గుడ్డతో తుడిచి ఇచ్చారు.

మేనేజరు అది పెట్టుకుని కాగితంలోకి చూశాడు. "ఆఁ! ఇప్పుడానుతున్నాయి" అని, "చదివితిని, అర్థమైనది" అని రాసి సంతకం చేశాడు. తర్వాత చంకలోంచి ఖాళీ చేసే పత్రం తీశాడు. పధ్నాలుగు పేజీలు. వేలు పెట్టి చూపించిన చోటల్లా మాస్టారు సంతకం పెట్టారు.

మర్నాడు పొద్దున ఇంటి ముందు గదిలో చార్టు తగిలిస్తుంటే భార్య అడిగింది, "ఆ పత్రం చదివారా?"

మాస్టారు మేకు మీద కొట్టబోయి వేలి మీద కొట్టుకున్నారు.

ఆ తెల్ల కాగితం కంపెనీవారి ఫైలులో ఇప్పటికీ భద్రంగా ఉంది. ఆ ఆఫీసులో మొదటినుంచి చివరిదాకా అందరూ చూసిన నోటీసు అదొక్కటే. ఇది చదివి నవ్వుకునేవారు లేచి ఒకసారి మీ బీరువా తెరవండి. 'చదివితిని, అర్థమైనది' అన్న మాట కింద మీరు ఆఖరుసారి సంతకం పెట్టిన కాగితం తీసి చూడండి. అందులో అక్షరాలుంటాయి. తేడా అంతే.